తలవైపు మోత

హేమసుందర్ బాధ ఒక్కటే. సైకిల్ మీద కొండ ఘాటు సగం ఎక్కేసరికి నడుము చచ్చిపోయేది.

కాళ్ళకేం లోటు లేదు. ఆ కాళ్ళు చూస్తే ఎవరికైనా దిష్టి తీయాలనిపించేది. విశాఖపట్నం బీచి రోడ్డు మీద అతను సైకిల్ తొక్కుకుంటూ పోతుంటే పొద్దున్నే నడకకొచ్చిన పెద్దమనుషులు నడక మానేసి నిలబడి చూసేవారు. జిమ్ములో అతను బరువులెత్తుతుంటే పక్కవాళ్ళు తమవి కింద పెట్టేసి ఫోన్లు బయటికి తీసేవారు. చదును రోడ్డు మీద అతన్ని పట్టుకున్నవాడు చుట్టుపక్కల లేడు. ఆ సంగతి అందరికన్నా ముందు అతనికే తెలుసు.

కానీ ఆటగాళ్ళ కోటాలో పడ్డ ఉద్యోగానికి పోటీ చదును మీద కాదు. అనంతగిరి ఘాటు మీద.

ఘాటులో రోడ్డు నిటారుగా లేచే మలుపులు కొన్నున్నాయి. అక్కడికొచ్చేసరికి హేమసుందర్ ఒళ్ళు సీటు మీద అటూ ఇటూ ఊగడం మొదలెట్టేది. కాళ్ళు పెట్టిన బలం బండికి అందకుండా మధ్యలోనే ఎక్కడో కారిపోయేది. ఆ తర్వాత నొప్పి. ఆ తర్వాత బండి దిగి రోడ్డు పక్క రాయి మీద కూర్చోవడం. అతని తొడలో సగం లేని బక్కప్రాణులు రొప్పుకుంటూ అతని ముందు నుంచే పైకి పోయేవారు. వాళ్ళని చూస్తూ కూర్చోవడం నొప్పికన్నా పెద్ద నరకం.

ఎవరో చెప్పారు, ఘాటు మొదట్లో గుమ్మవలస అని ఒక ఊరుందని, అక్కడ దాలినాయుడనే గరిడీ గురువు ఉన్నాడని. ఒకప్పుడు కుస్తీలు పట్టిన మనిషి. ఆయన వీపు నేలకి ఆనించినవాడు ఉత్తరాంధ్రలో పుట్టలేదని ఆ చుట్టుపక్కల చెప్పుకుంటారు. మోకాలు పాడయ్యాక కుస్తీ వదిలి సైకిల్ పట్టాడు. ఇప్పుడు ఘాటు ఎక్కేవాళ్ళని ఆయనే తయారుచేస్తున్నాడు.

హేమసుందర్ వెళ్ళాడు.

దాలినాయుడు నిలబడితే గుమ్మం కనిపించదు, అంత మనిషి. గరిడీ అంటే పెంకుల కప్పు, ఎర్రమట్టి నేల, ఒక మూల రాతి గుండ్లు, గోడకి ఆంజనేయుడి పటం. ఆ గుండ్లు చూడగానే హేమసుందర్‌కి చేతులు దురద పెట్టాయి. తన సత్తా ఏమిటో ముసలాయనకి ఇప్పుడే చూపించేద్దామనుకున్నాడు.

"బోర్లా పడుకో" అన్నాడు గురువు.

మోచేతులు నేల మీద, కాలి వేళ్ళు నేల మీద, మధ్యలో ఒళ్ళంతా కర్రలా తిన్నగా గాలిలో నిలబెట్టాలి. దానికి ఆయన పెట్టిన పేరు దూలం. అది అయ్యాక వెల్లకిలా పడుకుని కాళ్ళూ చేతులూ పైకెత్తి, ఒక చేతినీ దానికి ఎదురు కాలినీ నేలకి దించి మళ్ళీ లేపాలి. నెమ్మదిగా దించాలి, నడుము మట్టిని వదలకూడదు, ఊపిరి బిగబట్టకూడదు, దించుతున్నంతసేపూ కొద్దికొద్దిగా వదులుతుండాలి. దాని పేరు బొద్దింక. తిరగబడ్డ బొద్దింక అలాగే కొట్టుకుంటుందట.

రాతి గుండ్లని ముట్టుకోనియ్యలేదు. సైకిల్ గోడకి ఆనించి ఉంది, దానివైపు చూడనియ్యలేదు. రోజూ దూలం, రోజూ బొద్దింక.

హేమసుందర్ వాటిని చేస్తుంటే గురువు పక్కన గొంతుక్కూర్చుని, పిడికిలి మడిచి, కణుపులతో అతని బొడ్డు కింద తట్టేవాడు. తలుపు తట్టినట్టే తట్టేవాడు. తట్టి, చెవి వాల్చి, కాసేపు ఆగి, పెదవి విరిచేవాడు.

"నోపల ఎవులూ నేర్రా" అనేవాడు.

లోపల ఎవరూ లేరన్న ఆ మాటకి మిగిలిన శిష్యులు కిసుక్కున నవ్వేవారు. వాళ్ళలో పోలిరాజు ఒకడు. పక్కనున్న కోట పట్నంలో టైర్లకి పంచర్లు వేసుకుని బతికే పొట్టి మనిషి. పొట్టివాడే కానీ ఘాటు ఎక్కుతుంటే వాడి నడుం సీటుకి మేకులేసి కొట్టినట్టుండేది. కాళ్ళు వాటి పాటికి అవి తిరిగేవి, వాడి మొహం దాని పాటికి అది బస్సు కోసం చూస్తున్నవాడి మొహంలా ఉండేది. గురువు వాడి పొట్ట తట్టినప్పుడు చెక్క మీద కొట్టిన చప్పుడొచ్చేది. ఆయన అప్పుడేమీ అనేవాడు కాదు.

ఒకరోజు హేమసుందర్ ఆపుకోలేకపోయాడు.

"గురువు గారూ, సైకిల్ తొక్కేది కాళ్ళతో కదండీ. నడుముతో ఏం పని? నన్నిలా నేల మీద పడుకోబెట్టి ఏం నేర్పుతున్నట్టు?"

దాలినాయుడు చుట్ట వెలిగించుకుంటున్నాడు. అది సరిగ్గా అంటుకునేదాకా పీల్చాడు.

"నోటితో సెప్పీది కాదురా బావూ. టైమొస్తే నానే సెప్తాను."

అది హేమసుందర్‌కి నచ్చలేదు. చెప్పడానికి ఏమీ లేనివాళ్ళే ఇలాంటి మాటలు చెబుతారనుకున్నాడు. అప్పట్నుంచి గురువు చూస్తున్నప్పుడు దూలం, చూపు తిప్పితే ఉయ్యాల. పొట్ట కిందకి జారిపోయి వేళ్ళాడేది. బయట గేదెకి గడ్డి వేస్తూనే ఆయన "దూలం వొంగిపోనాదిరా" అని అరిచేవాడు. గోడ అవతల నుంచి ఆయనకెలా తెలిసేదో అర్థమయ్యేది కాదు. ఊపిరి చప్పుడు బట్టి తెలుస్తుందని పోలిరాజు ఒకసారి చెప్పబోతే హేమసుందర్ వినిపించుకోలేదు.

అలా ఉండగా విశాఖపట్నంలో పెద్ద రేసు పెట్టారు. సముద్రం పక్కనే, చదును రోడ్డు. హేమసుందర్ గెలిచాడు, అది కూడా వెనకవాడు కనుచూపు మేరలో లేకుండా. దండ వేశారు, మైకు ఇచ్చారు. మీ గురువు గారెవరని ఎవరో అడిగారు.

హేమసుందర్ వంగి, తొడలు రెండూ చరిచి, "ఇవే నా గురువులు" అన్నాడు. జనం ఈలలేశారు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఒక పెద్దాయన దగ్గర కొన్నాళ్ళున్నాను. ఆయన బొద్దింకలా పడుకోవడం నేర్పారు" అని కూడా అన్నాడు. ఇంకా గట్టిగా ఈలలేశారు.

సాయంత్రం పోలిరాజు ఫోన్ చేశాడు.

"గురువు గారు నీ ఈడియో సూసారన్నా. నా ఫోన్లోనే సూసారు."

"ఏమన్నారు?"

"కాళ్ళు బాగా మాట్నాడినాయిరా అన్నారు."

"ఇంకేం అనలేదా?"

"నేదన్నా. పద, పన్జేసుకుందాం అన్నారు."

హేమసుందర్ నవ్వేశాడు. నవ్వుతూనే ఫోన్ పెట్టేశాడు. కానీ ఎక్కడో చిన్న ముల్లు దిగింది. మర్నాటి నుంచి గుమ్మవలస వెళ్ళడం మానేశాడు. సిగ్గేసి మానేశాడో, పొగరు కొద్దీ మానేశాడో అతనికే తెలియదు.

వానాకాలం వచ్చింది. ఉద్యోగం పోటీ దగ్గర పడింది. ఒక్కడే ఘాటు ఎక్కడం మొదలెట్టాడు. కాళ్ళని ఇంకా పెంచితే నడుం సంగతి అవే చూసుకుంటాయనుకున్నాడు. ఒక మలుపులో లేచి నిలబడి బలమంతా పెట్టి తొక్కాడు. నడుములో ఏదో జారినట్టయింది. బండితో సహా పక్కకి ఒరిగిపోయాడు. దారినపోయే జీపువాళ్ళు ఎక్కించుకుని కిందకి తెచ్చారు.

డాక్టరు ఎక్స్‌రే ఫోటోలు తీయించి చూసి, నడుముకి వెడల్పాటి పటకా ఒకటి కట్టించాడు. "ఎముకలకేం కాలేదు, ఇంకా అదృష్టమే. కానీ లోపల పట్టులేదు. పట్టు తెచ్చుకో, లేకపోతే సైకిల్ మర్చిపో" అన్నాడు.

పట్టు ఎక్కడ దొరుకుతుందో హేమసుందర్‌కి తెలుసు.

వాన పడుతుండగా కోట మీదుగా పోయే బస్సెక్కాడు. గురువు ఎదుట ఏమనాలో దారి పొడవునా కూడబలుక్కున్నాడు. ముందు కాళ్ళ మీద పడిపోవాలి. తిడితే తిట్టించుకోవాలి. తన్నినా సరే. ఆయన తిట్టడు, ఏదో ఒక ఎకసెక్కెం ఆడతాడు, ఆపైన "బోర్లా పడుకో" అంటాడు. ఆ మాట కోసం ప్రాణం కొట్టుకుంది.

గుమ్మవలసలో బస్సు దిగేసరికి పచ్చి వెదురు చీలుస్తున్న చప్పుడు వినిపించింది. దాలినాయుడు ఇంటి ముందు నలుగురైదుగురు కూర్చుని బద్దలు కోస్తున్నారు. పోలిరాజు గడ్డితాడు పేనుతున్నాడు. తల ఎత్తడం లేదు. ఆ ఇంట్లో శుభకార్యమేదో ఉందనుకున్నాడు హేమసుందర్. ఆయన తమ్ముడికి పెళ్ళీడు పిల్లలున్నారని విన్నాడు.

"ఏంటి పోలీ, పెళ్ళి పందిరా?"

పోలిరాజు చేతులు ఆగాయి.

"పాడె అన్నా."

"ఎవరికి?"

పోలిరాజు అరుగు వైపు చూశాడు. మళ్ళీ తాడు పేనుకోవడం మొదలెట్టాడు. వాడి ముక్కు మీద నుంచి చుక్కలు కారుతున్నాయి. అవి వాన చుక్కలు మాత్రమే కావు.

దాలినాయుడిని అరుగు మీద చాప పరిచి పడుకోబెట్టారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ముందురోజు తెల్లారుతుండగా పోయాడు. రాయగడ నుంచి కూతురు వచ్చేదాకా ఉంచారు. బిగుసుకున్న ఒళ్ళు మళ్ళీ వదులైపోయింది. ముక్కులో దూది పెట్టారు. చేతులు గుండెల మీద చేర్చి బొటనవేళ్ళు నూలుదారంతో కట్టారు. కాలి బొటనవేళ్ళు కూడా కట్టేసి ఉన్నాయి. అంత మనిషీ వెల్లకిలా పడుకుని ఉన్నాడు, వీపు పూర్తిగా చాపకి ఆని.

హేమసుందర్ ఆ కట్టేసిన కాళ్ళ మీద పడిపోయాడు. ఏడ్చాడు. నిజం చెప్పాలంటే అందులో గురువు కోసం ఏడ్చింది కొంచెమే. టైమొస్తే చెప్తానన్న మనిషి చెప్పకుండానే పోయాడు, ఇంక తన గతేమిటని ఏడ్చాడు. అది తెలిసి సిగ్గుతో ఇంకా ఏడ్చాడు.

తల దగ్గర కూర్చున్న ఆయన భార్య పారమ్మ అతన్నలా ఏడవనిచ్చింది. ఆవిడ కళ్ళు ఎప్పుడో ఎండిపోయాయి.

"వొచ్చినావా బావూ" అంది. "వొస్తాడని అన్నాడు."

హేమసుందర్ తల ఎత్తాడు.

"ఆ పట్నం బావు వొస్తే తలకాడ పెట్టండి అన్నాడు. గెడ్డ దాటినాక బుజం మార్చనీకండి అన్నాడు. అంతే. మరేటీ అన్నేదు."

అరుగు మీద ఉన్నవాళ్ళందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ ఊరి వల్లకాడు గెడ్డకి, అంటే కొండవాగుకి, అవతల ఉంది. శవాన్ని కాళ్ళు ముందుకి, తల వెనక్కి పెట్టి తీసుకెళ్తారు. గెడ్డ దాకా దారి పల్లం, వానాకాలం తొడల లోతు నీళ్ళు. అవతలి ఒడ్డు మాత్రం ఎర్రమట్టి కట్ట, నిటారుగా ఉంటుంది. ఆ ఒడ్డు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి జారి తలవైపు పట్టినవాళ్ళ మీద పడుతుంది. అందుకే ఆ ఊళ్ళో తలవైపు అంటే గట్టివాళ్ళు కూడా వెనకాడతారు. ఎక్కుతున్నంతసేపూ ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకుంటారు.

ఊళ్ళో చావు పనులన్నీ చూసే గంగులు తాత ముందుకొచ్చాడు. హేమసుందర్ తడి చొక్కాలోంచి కనిపిస్తున్న పటకా వైపు వేలు చూపించాడు.

"నడుం ఇరిగినోడిని తలకాడ పెడతారేటమ్మా? ఒడ్డెక్కీకాడ పడీసినాడనుకో? బతికినన్నాళ్ళూ దాలినాయుడు ఈపు నేలకి తగిలించినోడే నేడు. సచ్చీక బురదలో పడీసినారని మన పిల్లల పిల్లలు కూడా సెప్పుకుంతారు. ఆ పరువు తీసీది మన చేత్తోనేనా?"

"ఆయన సెప్పినాడు" అంది పారమ్మ.

"సచ్చిపోతా సెప్పిన మాట అది. తెలివుండి సెప్పినాడో, నేకుండా సెప్పినాడో."

"తెలివి నేకుండా ఆయన ఒక్క మాటైనా అన్నాడా, నువ్వు సెప్పు గంగులు మావా."

పారమ్మ హేమసుందర్ వైపు తిరిగింది.

"ఆ పటకా తీసీ."

హేమసుందర్ చొక్కా విప్పాడు. పటకా విప్పాడు. అది ఊడగానే నడుం ఒట్టిపోయినట్టనిపించింది, ఒక్క క్షణం గోడ పట్టుకోవలసి వచ్చింది. గంగులు తాత అది చూశాడు.

పాడె ఎత్తమన్నారు. ముందు కాళ్ళవైపు దాలినాయుడి తమ్ముడి కొడుకూ, ఊరివాడు ఇంకొకడూ. వెనక తలవైపు కుడిపక్క పోలిరాజు, ఎడమపక్క హేమసుందర్. తప్పెట కొట్టాడు ఎవరో.

హేమసుందర్ తనకి తెలిసినట్టే ఎత్తాడు. తొడల్లో బలం పెట్టి ఒక్క ఊపులో లేచాడు. అతని మూల అందరికన్నా ముందు పైకి పోయింది. శవం కాళ్ళవైపుకి జారింది. ఇంటి ఆడవాళ్ళు గొల్లుమన్నారు.

"నెమ్మదన్నా" అన్నాడు పోలిరాజు పళ్ళ మధ్య నుంచి.

ఊరు దాటేదాకా బాగానే నడిచింది. గెడ్డలోకి దిగే పల్లంలో బరువు ముందువాళ్ళ మీదకి పోయింది. హేమసుందర్‌కి భుజం మీద ఏమీ లేనట్టే ఉంది. ఇంతేనా, దీనికేనా వీళ్ళింత రాద్ధాంతం చేశారనుకున్నాడు. చూశారా, అలవాటైన పొగరు శవం కింద కూడా ఊరుకోలేదు.

నీళ్ళు ఎర్రగా, వడిగా ఉన్నాయి. నడి గెడ్డలో అతని కాలి కింద రాయి దొర్లింది. పాదం నిలదొక్కుకుంది, మోకాలు నిలదొక్కుకుంది. నడుం మాత్రం ఎడమవైపుకి మడిచిన గుడ్డలా పడిపోయింది. పాడె ఒరిగింది. ఒడ్డు మీద ఉన్నవాళ్ళు కేకేశారు.

పడలేదు. పోలిరాజు అవతల నుంచి కాశాడు. కానీ వానకి నానిన నూలుదారం ఆ కుదుపుకి తెగిపోయింది. గురువు ఎడమ చెయ్యి గుండెల మీద నుంచి జారి, పాడె అంచు దాటి, కిందకి వేళ్ళాడింది. సరిగ్గా హేమసుందర్ ముందు.

దాన్ని తీసి పైన పెట్టడానికి మోసేవాళ్ళెవరికీ చెయ్యి ఖాళీ లేదు. "నీళ్ళల్లో ఆగకండ్రా" అని ఒడ్డు మీద నుంచి గంగులు తాత అరుస్తున్నాడు.

ఒడ్డు మొదలైంది.

మొదటి అడుగులోనే బరువు వచ్చి పడింది. అలాంటి బరువు హేమసుందర్ ఏ జిమ్ములోనూ ఎత్తలేదు. ఆ బరువులు ఇనుపవి, వాటికి పట్టుకునే చోటుంటుంది, ఒద్దనుకుంటే కింద పడేయొచ్చు. ఇది మనిషి. అతనికి తెలిసిన విద్య ఒక్కటే, తొక్కడం. కుడికాలు గట్టిగా తన్నాడు. నడుం ఊగింది. నడుంతో పాటు పాడె ఊగింది. పాడెతో పాటు వేళ్ళాడే చెయ్యి ముందుకి పోయి వెనక్కొచ్చింది. చల్లటి కణుపులు అతని బొడ్డు కింద తగిలాయి.

టక్.

ఎడమకాలు తన్నాడు. మళ్ళీ ఊగింది. మళ్ళీ అక్కడే.

టక్.

పక్కకి తప్పుకుందామంటే దారి లేదు. భుజం మీద కొయ్య, ముందు ఆ చెయ్యి, కింద జారే మట్టి. వాననీళ్ళు ఆ వేళ్ళ చివర్ల నుంచి కారి అతని పొట్ట మీద పడుతున్నాయి. ప్రతి అడుగుకీ అది తడుతూనే ఉంది. నడుములో నొప్పి నిప్పులా రాజుకుని కాళ్ళలోకి దిగింది. కళ్ళ ముందు నల్లగా మెరిసింది.

"తొక్కకన్నా" అన్నాడు పోలిరాజు. వాడి గొంతు మామూలుగానే ఉంది. "నిలబడు."

హేమసుందర్ మోకాలు జారింది. ఎర్రమట్టిలో ఆనింది. అతని మూల జానెడు కిందకి దిగిపోయింది. గురువు తల అతని చెంప దాకా వచ్చింది. పసుపు వానకి కరిగి కణతల మీద నుంచి కారుతోంది. వెనక జనం ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.

"మార్చండ్రా! మార్చండి!" అన్నాడు గంగులు తాత. ఎవరో పరుగెత్తుకొచ్చి కొయ్య కింద భుజం పెట్టబోయాడు.

"వద్దు" అన్నాడు హేమసుందర్.

"పడిపోద్ది బావూ!"

"వద్దు."

ఆ మాట అన్నాడే కానీ ఎలా లేవాలో అతనికి తెలియదు. కాళ్ళు ఉన్నాయి, వాటిలో బలం ఉంది, ఆ బలాన్ని భుజం దాకా చేర్చేది మధ్యలో ఏదీ లేదు. ఇప్పుడు దాలినాయుడి వీపు నేలకి తగులుతుంది. తగిలించినవాడు తనే అవుతాడు. అంత భయం అతను జన్మలో ఎరగడు.

చెయ్యి కళ్ళ ఎదుటే వేళ్ళాడుతోంది. ముందుకి పోయి, వెనక్కొచ్చి, మెల్లగా తగిలింది.

తడితే ఏం చెయ్యాలో ఒంటికి గుర్తొచ్చింది. ఉయ్యాలలూగి ఎగ్గొట్టిన రోజులు పోను, చూస్తుండగా చేసిన రోజులు కొన్నున్నాయి కదా, అవి ఎక్కడో మిగిలాయి. పక్కటెముకల కింద నుంచి పొట్టని లోపలికి లాక్కున్నాడు. బిగబట్టిన ఊపిరిని కొద్దికొద్దిగా వదిలాడు. వదులుతూ ఉంటే లోపల, బొడ్డు వెనక, ఏవో ఒకదాన్నొకటి పట్టుకున్నట్టయింది. కాలు తన్నలేదు. మొత్తం ఒళ్ళు ఒక్క ముక్కగా, మోకాలు మట్టి నుంచి విడిపించుకుని, లేచింది.

చిన్న అడుగు వేశాడు. చెయ్యి వచ్చి తగిలింది. ఇంకొకటి. తగిలీ తగలనట్టు తగిలింది. ఇంకొకటి. ముందుకి పోయింది, వెనక్కి రాబోయి, సగంలో నిలిచిపోయింది.

ఏడుస్తున్నాడని అతనికి తెలియదు. ఈసారి గురువు కోసమే ఏడుస్తున్నాడు. ఊపిరి వదలడం మాత్రం మానలేదు. ఎన్ని అడుగులేశాడో, ఒడ్డు ఎప్పుడు అయిపోయిందో అతనికి పట్టలేదు. "ఇంక దించండ్రా" అని తాత అంటే, అప్పుడు చూశాడు, నేల చదునై ఉంది.

అక్కడ దింపుడుకళ్ళం. పాడె దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఊపిరేమైనా మిగిలుంటే పలుకుతాడని. తమ్ముడి కొడుకు వంగి "పెదనాయినా" అని మూడుసార్లూ పిలిచాడు.

"ఇంకెవులన్నా పిలుస్తారా?" అన్నాడు గంగులు తాత. అంటూ హేమసుందర్ వైపే చూశాడు.

హేమసుందర్ మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గర నోరు పెట్టాడు.

"గురువు గారూ."

రెండోసారి పిలిచాడు. మూడోసారి పెదవులే కదిలాయి.

అందరూ కాసేపు ఆగారు. ఎప్పుడూ ఎవరూ పలకరని అందరికీ తెలుసు. అయినా ఆగుతారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

గంగులు తాత మొలతాడులోంచి కొత్త దారం తీశాడు. వేళ్ళాడుతున్న చెయ్యి పట్టుకుని గుండెల మీద పెట్టబోయాడు. హేమసుందర్ లేచి నిలబడి ఉన్నాడు. అతని బొడ్డు కింద చర్మం కమిలి ఎర్రగా ఉంది, దాని మీద మట్టి, పసుపు.

"వద్దు తాతా. కట్టొద్దు. అలాగే ఉండనీయండి."

తాత తలెత్తి చూశాడు. అతని మొహం చూశాడు, పొట్ట మీది గుర్తు చూశాడు. దారం మళ్ళీ మొలలో దోపుకున్నాడు.

"ఎత్తండి" అన్నాడు.

అక్కడి నుంచి కాడు దాకా ఇంకో ఎత్తు ఉంది. మొదటిదానికన్నా పొడవైనది. పోలిరాజు తన కొయ్య కిందకి భుజం చేర్చి ఇటు చూశాడు. హేమసుందర్ ముందు ఊపిరి వదిలాడు. నాలుగు మూలలూ ఒక్కసారే లేచాయి.

చెయ్యి జారి మళ్ళీ అతని ముందుకొచ్చి వేళ్ళాడింది. కాడు దాకా ఒక్కసారి కూడా తట్టలేదు.